పసుపునీళ్లు పోసిన డ్రమ్ముల గురించి

జిల్లా శిక్షణ విభాగపు అధికారి గారి సముఖమునకు,

అయ్యా,

విషయం: జీవన ఎరువుల తయారీలో మాకు "నైపుణ్యం లేదు" అని ఇచ్చిన నోటీసును రద్దు చేసి, ముందు మాకు పని నేర్పించుట గురించి.

1. తమ విభాగం తరఫున ఒక శిక్షణ సంస్థ వారు మా మహిళా సంఘానికి జీవ ఆర్థికరంగంలో శిక్షణ ఇచ్చియున్నారు. పొలానికి మేలుచేసే సూక్ష్మజీవులను డ్రమ్ముల్లో పెంచి రైతులకు అమ్ముకోవచ్చునని, ఇక కూలికి పోనక్కరలేదని సెలవిచ్చియున్నారు. మేము నమ్మియున్నాము.

2. సదరు శిక్షణ అంతయు గోడ మీద బొమ్మలతోనే జరిగినది. డ్రమ్ము మూత ఒక్కనాడూ తీసి చూపలేదు. అడిగితే పాఠం చెప్పే సారు "అది ప్రాక్టికల్‌లో వస్తుందమ్మా" అన్నారు. ప్రాక్టికల్ రాలేదు, సర్టిఫికెట్లు వచ్చాయి.

3. చివరి రోజున డ్రమ్ములూ, పాలకు తోడు వేసినట్టు వేసుకోవలసిన సూక్ష్మజీవుల సీసాలూ ఇచ్చి, మాకు ఫోటోలు తీసుకుని, వ్యాను ఎక్కి వెళ్లిపోయారు. సీసాలు డ్రమ్ముల్లో కలిపాము. మా అత్తగారు లక్ష్మీనరసమ్మ గారు "కొత్త వస్తువు ఇంటికొస్తే పసుపునీల్లు పొయ్యకుండా ఉంటారేటే?" అని చెంబుతో తెచ్చి ప్రతి డ్రమ్ములో ఇంత పోసి, బొట్టు పెట్టారు. మేమూ దండం పెట్టుకున్నాము. పసుపు పుండులో పురుగును చంపుతుందని మాకు తెలుసును. డ్రమ్ములో పెరిగే మేలు పురుగునూ చంపుతుందని మాత్రం ఎవరూ చెప్పలేదు.

4. ఆ చచ్చిన నీళ్లనే తెలియక రైతులకు ఇచ్చాము. చేను ఎదగలేదు. జోగయ్య మావ మా గుమ్మం ముందుకొచ్చి, "మీ నీల్లకంటే మా సెరువు నీల్లే నయం పిల్లా. నీ మాట మీద యూరియా మానేసినాను" అన్నాడు. తిట్టినా బాగుండేది.

5. ఫోను చేస్తే సారు "పసుపు సంగతి సిలబస్‌లో లేదు" అన్నారు. పిదప ఆయనే మాకు నైపుణ్యం లేదని రాసి పంపగా, డ్రమ్ములు వెనక్కి ఇమ్మని తమ నోటీసు వచ్చియున్నది. నేర్పనిది ఆయన, తప్పింది మేమట! మమ్మల్ని నమ్మించి నట్టేట ముంచారండీ.

కావున డ్రమ్ములు తీసుకుపోకుండా ఆపి, చేతులు తడుపుకోవడానికి వెనకాడని మనిషిని ఒకరిని నాట్లకు ముందే పంపి, పక్కన నిలబడి నేర్పించవలసినదిగా కోరుతూ, మా మొర చిత్తగించవలెను.

తమ విధేయురాలు,
పొట్నూరు సుహాసిని,
గోగులవలస, విజయనగరం జిల్లా.

తా.క.: ఇది తమ ఆఫీసు మెట్ల మీద కూర్చుని రాస్తున్నాను. వస్తూ బస్సుల కాంప్లెక్స్ దగ్గర ఆ శిక్షణ సంస్థ వారి ఫ్లెక్సీ చూశాను. శ్రీకాకుళంలో వాళ్ల కొత్త బ్యాచ్ మొదలవుతుందట. అందులో డ్రమ్ము పట్టుకుని నవ్వుతున్నది నేనే. అక్కడ కాపురముంటున్న మా చెల్లెలు చిన్నతల్లికి ఫోను చేస్తే, తనూ పేరు రాయించేసుకుందట. "బొమ్మలో నువ్వున్నావు గదా అప్పా, అందుకే నమ్మీసినాను" అంది. సార్, నా నోటీసు సంగతి తరువాత చూద్దురు గాని, ముందు ఆ ఫ్లెక్సీ దింపించండి.