నీలం ఇంకిన కప్పు

ఆగస్టు 1998, బుధవారం

ఆటోనగర్‌లో మా షెడ్డు ఓనరు ప్రసాద్ గారు ఇవాళ నా చేతిలో ఓ జపాన్ కప్పు పెట్టారు. ఇంజన్ల పని మీద వచ్చిన జపాన్ ఆయన ఇచ్చి వెళ్ళాడట. తెల్లటి పింగాణీ మీద నీలం అలలు, చేత్తో వేసినవే.

"ఒకసారి కాల్చిన ఉత్త కప్పు మీద కుంచెతో వేస్తారంట కరీమ్ భాయ్. రంగు టక్కున ఇంకిపోద్ది, తుడవడానికి ఉండదు. అప్పుడు నల్లగానే ఉంటదంట. పైన గాజు పూత పూసి మళ్ళీ బట్టీలో పెడితే ఈ నీలం తేలుద్దంట," అన్నారు.

ముప్పై ఏళ్లుగా లారీల మీద నెమళ్ళు వేస్తున్నాను. ఈమధ్య చెయ్యి వణికి, వేసిందానికన్నా టర్పెంటైన్ గుడ్డతో తుడిచేదే ఎక్కువైంది. ఈ నెలతో మానేస్తానని చెబుదామనే ఆయన దగ్గరికి వెళ్ళాను.

కప్పు తిప్పుతుంటే ఒక అల దగ్గర గీత వణికి కనిపించింది. ఆ వేసినాయన దాన్ని అలాగే ఉంచి కాల్చేశాడు. ఆ వణుకు దగ్గరే నీళ్ళు నిజంగా కదులుతున్నట్టున్నాయి. షెడ్డులో సుత్తుల చప్పుడు ఎటో పోయింది. మంచులో కృష్ణ మీద పడవలో కూర్చున్నట్టే ఉంది, ఎంతసేపో తెలీదు...

"ఏదో చెప్పాలన్నావు?" అన్నారు ప్రసాద్ గారు.

"మైలవరం లారీ మీద నెమలి ఎప్పటికి కావాలండీ?" అన్నాను.