పందికి పసుపు నీళ్ళు

తిరువనంతపురం,
18-8-1996

అవ్వకు, కొడుకు రాజం దండం పెట్టి రాసేది. నా ఒంట్లో బాగానే ఉంది. హుజూరాబాద్‌లో నువ్వూ, చెల్లె బాలలక్ష్మీ, మన బర్రే చల్లగా ఉన్నారని తలుస్తాను. చెల్లె చేత రాయించిన ఉత్తరం అందింది.

తిండి సంగతి అడిగావు. ఇక్కడ మెతుకులు చింతగింజలంత ఉంటాయి, కూరల్లో కొబ్బరినూనె. నువ్వు పంపిన మామిడికాయ తొక్కు అయిపోయింది. తెలుగు మాట విని నెలలైంది. ఆదివారం వస్తే గదిలో నాతో నేనే మాట్లాడుకుంటాను. చాలా ఒంటరిగా ఉందవ్వా.

చెల్లె తలలో నరాల చిక్కు ఎప్పుడు బాగు చేస్తావని అడిగావు. తల కోయకుండా, తొడలోని రక్తనాళం గుండా సన్నని గొట్టం పైదాకా పంపి, ఆ చిక్కును జిగురుతో మూసే పని నేర్చుకుంటున్నానని చెప్పాను. దేని మీద నేర్చుకుంటున్నానో చెప్పలేదు. పందుల మీద. వాటి మెదడు కింద సన్న నాళాల వల ఒకటి ఉంటుంది, చెల్లె తల ఎక్స్‌రే ఫిల్ములో చూసిన చిక్కులాగే. పందిని ముట్టినవాణ్ణి ఇల్లు తొక్కనిస్తావో లేదోనని ఇన్నాళ్ళూ దాచాను.

మొదటి రోజు, మత్తు ఇచ్చే ముందు, పోచమ్మ గుడి దగ్గర నువ్వు బలి ఇచ్చే యాటను నిలబెట్టే తీరు గుర్తొచ్చింది. వీపు మీద పసుపు నీళ్ళు చల్లి, అది ఒళ్ళు దులిపేదాకా కత్తి ఎత్తనిచ్చేదానివి కాదు. "అది ఒప్పుకోవాలె బిడ్డా. మనకు తొందరుంటే దానికుంటదా?" అనేదానివి. నేనూ క్యాంటీన్ నుంచి పసుపు తెచ్చి, నీళ్ళలో కలిపి చల్లాను. పక్కవాళ్ళు నవ్వారు. పంది ఒళ్ళు దులపలేదు, నా మొహం చూస్తూ నిలబడింది. అయినా గొట్టం వేశాను. జిగురు చిక్కు దాటి మెదడులోకి పోయింది. పంది మళ్ళీ లేవలేదు.

ఆ తర్వాతి పందులతో చేయి కుదిరింది. తను పక్కన ఉంటానని, ఇక మనిషికి చేయవచ్చని మా పెద్ద డాక్టర్ అన్నాడు. చేయి కుదిరితే దసరా తర్వాత చెల్లెను ఇక్కడికి తీసుకొద్దామని నువ్వూ, బుచ్చిరాములు మామా, నేనూ ముందే అనుకున్నాం.

బాలలక్ష్మీ, అవ్వకు ఇది చదివి వినిపిస్తున్నది నువ్వే కదా. ఇక్కడ జర ఆగు. పందినైనా అడిగాను, నిన్ను అడగలేదు. నా చేయి తప్పితే ఏమవుతుందో ఇప్పుడే చదివావు. ఏమీ చేయకపోతే ఆ చిక్కు ఎప్పుడైనా చిట్లవచ్చు. నాకు భయంగా ఉంది, నీకు ఎంత ఉంటుందో. అవ్వ చెప్పిందని, అన్న డాక్టరు చదివిండని ఒప్పుకోకు. నువ్వు వద్దంటే వద్దు, ఇప్పుడు వేసుకునే మాత్రలతోనే నడుపుదాం. ఈసారి ఉత్తరంలో అవ్వ మాట కాదు, నీ మాట రాయి. అది వచ్చేదాకా నేను గొట్టం ముట్టను.

ఇట్లు,
నీ జవాబు కోసం చూసే
అన్న రాజం