మధ్యాహ్నం పట్టుకునే బ్రేకు

చిట్టితల్లికి,

అమ్మ వచ్చిందే! ఏడవకు, నవ్వకు, ముందు కూర్చుని చదువు. మీ అమ్మ ఇంటికొచ్చింది. రోజూ వస్తోంది, ఎండ నడినెత్తి మీదికొచ్చే వేళకి. నువ్వు ఫోనెత్తవు కాబట్టి ఉత్తరం రాస్తున్నాను. నాన్నకి మతి పోయిందనుకోకు, మతి ఉంది, కళ్ళజోడే ఎక్కడ పెట్టానో తెలియడం లేదు.

నీ బండి పోలీసు స్టేషను వాళ్ళు తిరిగిచ్చేశారు. నేనే తోసుకుంటూ తెచ్చి వాకిట్లో మెట్ల పక్కన పెట్టాను. హెడ్‌లైటు పగిలింది, ఒక అద్దం లేదు, తక్కిందంతా బాగానే ఉంది. పొద్దున్నే తుడిచి, ఇంజను కింద ఇటుకలు పెట్టి ముందు చక్రం తిప్పితే గిర్రున తిరిగింది. మధ్యాహ్నం మళ్ళీ తిప్పబోతే కదలదు. రెండు చేతులా గుంజినా కదలదు. హ్యాండిల్ మీద బ్రేకు మీట నొక్కి చూశాను. రాయి. పిసరు కూడా లోపలికి పోదు. అప్పటికే దాన్ని ఎవరో నొక్కి పట్టుకున్నట్టు ఉంది. వాకిట్లో నేను తప్ప నరమానవుడు లేడు. మీట మాత్రం వెచ్చగా ఉంది తల్లీ, మనిషి చెయ్యిలా.

కుర్చీ వేసుకుని అలాగే చూస్తూ కూర్చున్నాను. సాయంత్రం ఎండ గోడ దిగిపోయాక చక్రం దగ్గర టిక్కుమని చిన్న చప్పుడయింది. వేలితో తోశాను. తిరిగింది. వదిలేసింది! మర్నాడూ అంతే. ఆ తర్వాతా అంతే. మబ్బు పట్టిన రోజు మాత్రం రాలేదు, ఆ రోజు నాకు ముద్ద దిగలేదు.

నా వెనక కూర్చున్నన్నాళ్ళూ మలుపు కనపడితే చాలు, నా భుజం పిసికేసేది కాదూ! "నా భుజం బ్రేకు కాదే" అంటే, "మీ బ్రేకు కంటే ఇదే నయం, నొక్కితే కనీసం అరుస్తుంది" అనేది. ఆ పట్టే ఇది. నాకు తెలియదా? ఇప్పుడు మధ్యాహ్నం కంచం వాకిట్లోకే తెచ్చుకుని, మీట మీద చెయ్యేసి కబుర్లు చెబుతున్నాను. తలుపులు మళ్ళీ కిర్రుమంటున్నాయని చెప్పాను. కిర్రుమన్న ప్రతిదాని దగ్గరికీ కుట్టుమిషను నూనె డబ్బా పట్టుకుని పరిగెత్తే మనిషి పోయాక ఇల్లంతా మూలుగుతోంది.

వీధి మొదట్లో బళ్ళు బాగుచేసే పొట్టి మేస్త్రి వచ్చి చూసి, "బ్రేకు పట్టేస్తోంది బాబాయ్, విప్పుతాను" అన్నాడు. ముట్టుకుంటే కాళ్ళు విరగ్గొడతానన్నాను. "అసలే పొట్టివాణ్ణి, కాళ్ళు కూడా తీసేస్తే ఇంకేం మిగులుతుంది?" అని వెళ్ళిపోయాడు.

నువ్వు వచ్చెయ్యి. నర్సు ఉద్యోగం మానేసి, ఆ అద్దెగదిలో చేతులు ఒళ్ళో పెట్టుకుని గోడకేసి చూస్తూ ఎన్నాళ్ళుంటావు? ఇక్కడ మీ అమ్మ చెయ్యి ఉంది.

నీ కోసం ఎదురుచూసే
నాన్న

* * *

నా బంగారుతల్లికి,

నువ్వు నొక్కలేదు! నువ్వు నొక్కలేదే తల్లీ! వీధిలోకెళ్ళి అరవాలనుంది. అరిచాను కూడా, ఎదురింటివాళ్ళ కుక్క ఇంకా మొరుగుతూనే ఉంది.

అసలు సంగతి మొదట్నించీ చెప్తాను. నీ జవాబులో ఒక్క ముక్కే రాశావు. "ఆ రోజు కూడా అమ్మే పట్టుకుందా నాన్నా?" అని. నా సంబరంలో నేనుండి ఆ మాటే ఆలోచించలేదు. ఆ మధ్యాహ్నం బండి దగ్గరికెళ్ళి, అలవాటుగా మీట మీద చెయ్యి వెయ్యబోయి వెనక్కి లాక్కున్నాను. ఇది నా పెళ్ళాం చెయ్యే అయితే, తను వెనక కూర్చుని ఉండగా, నడిరోడ్డు మీద, కూతురు నడిపే బండిని ఎందుకు పట్టుకుని పడేస్తుంది? తన చెయ్యి కాకపోతే, ఇన్నాళ్ళూ నేను కబుర్లు చెప్పింది ఎవరికి?

"ఎవరు నువ్వు?" అని పైకే అడిగాను. చక్రం బిగదీసుకునే ఉంది. ఎండలో నిలబడి నాకు చలేసింది.

పానా తెచ్చాను. ముందు చక్రం పక్కన, చక్రంతో పాటు తిరిగే రేకుని రెండువైపులా నొక్కిపట్టే ఇనప దిమ్మ ఉంది కదా, దానికి గాలి తీసే చిన్న బోల్టు ఒకటుంటుంది. కళ్ళు మూసుకుని కాస్త తిప్పాను. బుస్సుమని నూనె నా చొక్కా మీదకి చిమ్మింది. చక్రం ఉసూరుమన్నట్టు తనంతట తానే జానెడు తిరిగి ఆగింది. దయ్యమైతే పానాకి లొంగదు కదా.

అప్పుడు మీట పక్కనున్న బ్రేకు నూనె డబ్బీ చూశాను. మూత స్క్రూల తలలు గీసుకుపోయి ఉన్నాయి, నప్పని స్క్రూడ్రైవరుతో ఎవరో ముందే విప్పినట్టు. విప్పాను. మూత కింది రబ్బరు ఉబ్బి మెలికలు తిరిగిపోయింది. దాని అంచున ఇరుక్కుని తెల్లదారం పోగు. లోపల నూనె రెండు పొరలుగా ఉంది. అడుగున బ్రేకు నూనె, పైన తేటగా తేలుతూ ఇంకో నూనె. వేలు ముంచి వాసన చూశాను. మన మధ్యగది వాసన. తలుపు బందుల వాసన. మీ అమ్మ వేళ్ళ వాసన.

కుట్టుమిషను నూనె, తల్లీ. డబ్బీకున్న గాజు బిళ్ళలోంచి నూనె గీత దిగడం చూసుంటుంది. బిడ్డ రోగుల ఇళ్ళకి తిరుగుతోంది, బ్రేకు ఎండిపోతే ఎలా అనుకుని ఉంటుంది. ఎవర్నీ అడగలేదు. మిషను సొరుగులో బుల్లి స్క్రూడ్రైవరు తీసుకొచ్చి, విప్పి, పోసేసి, మళ్ళీ బిగించేసింది.

మేస్త్రి దగ్గరికి పరిగెత్తాను. "ఇందులో వేరే నూనె పడితే రబ్బర్లు ఉబ్బిపోతాయి బాబాయ్" అన్నాడు. "మీట వదిలాక నూనె వెనక్కెళ్ళే సన్న కన్నం ఉంటుంది, అది మూసుకుపోతుంది. ఎండకి నూనె పొంగుతుంది. పోయే దారి లేక చక్రాన్నే నొక్కుతుంది."

"బండి నడుస్తుండగా?"

"ఆ రాపిడికి ఇంకా వేడెక్కి ఒక్కసారిగా బిగుసుకుంటుంది. మీట మీద వేలు కూడా వెయ్యక్కర్లేదు."

ఆ రోజు బండి పొద్దుట్నించీ ఆస్పత్రి ముందు ఎండలోనే ఉంది కదే! నా చెయ్యి బ్రేకు మీదే లేదని నువ్వు మొత్తుకున్నావు. మీ పెద్దత్త అందరి ముందూ, "బెదిరిపోయి బ్రేకు నలిపేసింది, తల్లిని పొట్టన పెట్టుకుంది" అంది. అందరూ తలలూపారు. చివరికి నువ్వూ ఊపావు. నా చేతులు నా మాట వినవంటూ సూది పట్టుకోవడం మానేశావు. వింటాయి తల్లీ! ఆ రోజూ విన్నాయి!

మీ అమ్మ మీద కోపం తెచ్చుకోకు. నాకు ఒక పూట వచ్చింది. ఆవిడ మిషను ముందు కూర్చుని తిట్టాను కూడా. మిషను నున్నగా, చప్పుడు లేకుండా తిరిగింది. ఇంకేం తిట్టను?

దిమ్మ విప్పి, పాత రబ్బర్లన్నీ పారేసి కొత్తవి వేశాం. గొట్టం మార్చాం, లోపలంతా కడిగి కొత్త బ్రేకు నూనె పోశాం. ఇప్పుడు మండుటెండలో కూడా చక్రం హాయిగా తిరుగుతోంది. మీట వెచ్చగానే ఉంటోంది, కానీ అది ఉత్త ఎండ. కంచం లోపలే పెట్టుకుంటున్నాను.

ఒక్క పని మిగిలింది, గొట్టంలో గాలి తియ్యాలి, అది ఉన్నంతసేపూ మీట మెత్తగానే ఉంటుంది. దానికి ఇద్దరు కావాలి. ఒకళ్ళు మీట నొక్కి పట్టుకోవాలి, ఇంకొకళ్ళు కింద బోల్టు తిప్పాలి. మీట తను పట్టుకుంటానన్నాడు మేస్త్రి. నీ చెయ్యి కాదురా అన్నాను. నువ్వు రావాలి. నేను పట్టు అంటే పట్టాలి, వదులు అంటే వదలాలి, అంతే. మెత్తగా ఉన్న మీట నీ గుప్పిట్లోనే గట్టిపడాలి.

నీ చేతుల మీద ఒట్టు పెట్టుకున్న
నాన్న

ఈ సంగతి తెలియాల్సినవాళ్ళు వీళ్ళు, ఒక్కళ్ళనీ మరిచిపోకు:
పెద్దత్తకి, అందరికంటే ముందు.
పెద్ద మావయ్యకి, చెవుడు కాబట్టి రెండుసార్లు.
బాబాయికి, ఆ రోజు వెనక నిలబడి తలూపాడు.
వదినకి, పిల్లని నీ బండి ఎక్కనివ్వనంది.
పిన్నికి. అక్క కోసం ఇంకా ఏడుస్తోంది, నూనె మాట ఆవిడ దగ్గర ఎత్తకు. ఎవరడిగినా రబ్బరు ఉబ్బిందను, ఎందుకని అడిగితే ఎండకి అను.
అమ్మకి నేను చెప్పేశాను.
ఆఖరున, నీ రెండు చేతులకీ.