షినాన్ వైనూ, నీ హెల్మెట్టూ

మోహన్,

నేనే, నీ పద్దుని. నువ్వు వెళ్ళి ఎనిమిది నెలలు దాటింది. హాంబర్గ్‌లో పొద్దుట్నుంచీ ఒకటే వాన. నువ్వుంటే ఈ చలిలో కిటికీ బార్లా తీసిపెట్టి నాచేత తిట్లు తినేవాడివి.

ఆ మాటా ఈ మాటా చెప్పి అసలు సంగతి దాటేద్దామనే ఉంది... కానీ దాచి ఏం చేస్తాను? నిన్న నీ షినాన్ సీసా తెరిచాను. ఒక్కదాన్నే. నమ్ముతావా?

నువ్వు వైన్ క్లాసులో చేరతానన్నప్పుడు నేను చేసిన గొడవ గుర్తుందా? బ్లూ కార్డ్ వీసా మీద వచ్చి విమానాల రెక్కలు డిజైన్ చేసుకునే మనిషికి ఆఫీసయ్యాక ఈ తాగుడు చదువేమిటని రెండు రోజులు మాట్లాడలేదు. తీరా చూస్తే నువ్వు తాగేది అరగ్లాసు, వాసన చూసేది అరగంట. అంతసేపు నా మొహం ఎప్పుడైనా చూశావా అని దెప్పేదాన్ని.

ఎన్ని తాగినా చివరికి షినాన్ దగ్గరికే వచ్చేవాడివి. ఆ ద్రాక్ష పేరు కాబెర్నే ఫ్రాంక్. లోకమంతా ఎరిగిన కాబెర్నే సావిన్యోన్‌కి అది తండ్రట. "కొడుక్కేమో ఊరూరా దండలేస్తారు, అయ్యనెవడూ పలకరించడు, చూడవే పాపం" అనేవాడివి. ఒక పండు మీద అంత జాలేమిటో నాకు అర్థమయ్యేది కాదు.

ఫ్రాన్స్‌లో ఆ వైన్ చేసే షినాన్ ఊరు చూపిస్తానని పారిస్ మీదుగా రైల్లో తీసుకెళ్ళావు. కోతల రోజులు. నేను ద్రాక్షతోటంటే పందిరి వేసి ఉంటుందనుకున్నాను. అక్కడ తీగలు మన నడుమెత్తు కూడా లేవు, వరసగా నిలబడి ఉన్నాయి. వెనక తెల్లటి సున్నపురాయి కొండ, దాన్ని తొలిచి చేసిన గుహల్లో పీపాలు. తర్వాత లువార్ నది చూద్దామని వెళ్ళాం. నీళ్ళ మధ్య ఇసుక తిన్నెలు చూసి నువ్వు ప్యాంటు మడిచేసుకున్నావు. "ఎండాకాలం మన రాజమండ్రి గోదారేనే ఇది" అన్నావు. ఆ పూటంతా ఆ ఇసుకలోనే కూర్చుండిపోయావు. అప్పటికే నీకు కడుపులో నొప్పి ఉండేదా, మోహన్? నాకెందుకు చెప్పలేదు?

కీమో మొదలయ్యాక నీకు వాసన తెలియకుండా పోయింది. అన్నం వాసన, కాఫీ వాసన... ఏదీ. ఒక సాయంత్రం గ్లాసులో కాస్త షినాన్ పోసి నా చేతిలో పెట్టావు. "నా ముక్కు పోయింది, నీది ఉంది కదా. చూసి చెప్పవే, కరిచెయ్యదులే" అన్నావు.

నేను చూసి, వైన్ వాసనే వస్తోందన్నాను. దగ్గొచ్చేంత నవ్వావు. "వంటింట్లోకెళ్ళి పచ్చిమిరపకాయ విరిచి, వాసన చూసి రా" అన్నావు. వెళ్ళాను, వచ్చాను. మళ్ళీ గ్లాసులో ముక్కు పెడితే... అక్కడుంది! పచ్చిమిరపకాయ. తర్వాత పెన్సిల్ చెక్కిన పొట్టు. తర్వాత నేరేడుపండు. నేనొక్కో పేరూ చెబుతుంటే నువ్వు కళ్ళు మూసుకుని తలాడించావు. "పేరెట్టి పిలిస్తేనే వాసన దగ్గరికొస్తుందే" అన్నావు. ఆ తర్వాత నీ కోసం ఎన్ని వాసనలు చూసి చెప్పానో... సబ్బు, కొత్తిమీర, వాన, ఆస్పత్రి. ఇంత ముక్కు నాకిచ్చి నువ్వు వెళ్ళిపోయావు.

నిన్ను గోదారిలో కలపడానికి నేను రాజమండ్రి వెళ్ళాను. మొక్కలకు నీళ్ళు పొయ్యమని పై అంతస్తు లలితక్కకి తాళం ఇచ్చాను. నీ దిండు గలీబు, గళ్ళ చొక్కా, స్వెట్టరు... ఏవీ ఉతక్కుండా మంచం మీదే పెట్టి వెళ్ళాను. కావాలనే.

తిరిగొచ్చి తలుపు తీస్తే ఇల్లంతా లావెండర్ వాసన.

మైల ఇంట్లోకి నేను ఒంటరిగా అడుగు పెట్టకూడదని లలితక్క అన్నీ ఉతికేసింది, మోహన్. కర్టెన్లతో సహా. నీ చొక్కాలు ఇస్త్రీ చేసి బీరువాలో పెట్టింది. అన్నం, చారు వండి పెట్టింది. నేను ఆమె మీద అరిచిన అరుపు మెట్ల దాకా వినబడి ఉంటుంది. ఆమె తప్పేముంది? మనవాళ్ళలో ఎవరైనా అదే చేస్తారు. ప్రేమతోనే చేసింది. అయినా కోపం పోలేదు. మెట్ల మీద ఎదురుపడితే ఇద్దరం తలలు దించుకుంటున్నాం.

ఆ తర్వాత నీ వాసన కోసం ఇల్లంతా వెతికాను. వాచీ బెల్టు, లాప్‌టాప్ బ్యాగు, కారు సీటు... ఎక్కడా నువ్వు లేవు. చివరికి కింద నేలమాళిగలో, మన కెల్లర్‌లో, నీ వైన్ సీసాల పైన మేకుకి తగిలించిన సైకిల్ హెల్మెట్‌లో దొరికావు. లోపలి మెత్తలో. ఆ సిమెంటు నేల మీద కూర్చుని ఎంత ఏడ్చానో. దొరికినందుకు.

అప్పటినుంచీ ఆదివారాలు కెల్లర్‌కి వెళ్తున్నాను. కానీ పీల్చినప్పుడల్లా కాస్త తగ్గుతోంది. నిన్న వెళ్తే నువ్వెంతో, తడిగోడ ఎంతో తెలియలేదు. భయం వేసింది. కోపమూ వచ్చింది. చేతికందిన సీసా పైకి తెచ్చి బిరడా పీకాను.

అన్నీ ఉన్నాయి. పచ్చిమిరపకాయ, పెన్సిల్ పొట్టు, నేరేడు... ఎప్పుడో ఏ ఏడాదో కోసిన పండు, ఒక్క వాసనా పోగొట్టుకోకుండా కూర్చుంది. మంచిదైతే ఇరవై ఏళ్ళు నిలుస్తుందని నువ్వే చెప్పావు. పండుకి సీసా ఉంది, బిరడా ఉంది. నిన్ను దేంట్లో పోసి దాచుకోను?

నువ్వు నేర్పినట్టే నీ వాసనకీ పేర్లు పెడదామని కూర్చున్నాను. కొబ్బరినూనె. గడ్డం గీసుకునే క్రీము. ఎండలో ఆరేసిన తువ్వాలు... వాటి వెనకాల ఇంకోటుంది. అదే నువ్వు. దానికి పేరు రావడం లేదు. రాత్రంతా వెతికాను, రాలేదు. పేరు లేకపోతే అది నా దగ్గరికి మళ్ళీ ఎలా వస్తుంది?

ఒక్క మాట ఇస్తున్నాను. కెల్లర్‌కి వెళ్తాను, నీ సీసాల దుమ్ము తుడుస్తాను. కానీ ఆ హెల్మెట్‌ని ఇక ముక్కు దగ్గర పెట్టుకోను. ఎంత ఏడుపొచ్చినా పెట్టుకోను. ఉన్న కాస్తా ఉండనీ.

నీ పద్దు