డెల్మిరా బతికే ఉందని చదివాను

పినార్ డెల్ రియో, మంగళవారం

రచయిత్రి సొరైదా గారికి నమస్కారం.

ఇక్కడి చుట్టల ఫ్యాక్టరీలో పనివాళ్లకు నవలలు చదివి వినిపించే అమ్మాయిని నేను. చేరి రెండు నెలలే అయింది. నిన్న మీ మూడో నవల చివరి పేజీలో డిటెక్టివ్ డెల్మిరా తుపాకీ దెబ్బకు చనిపోయింది. ఆ వాక్యం పైకి చదవకుండా ఆగిపోయాను.

చుట్టలు చుట్టే ఎనెడినా అత్త, "ఏమే, నోట్లో పొగాకు కుక్కుకున్నావా? మా డెల్మిరా ఉందా, పోయిందా?" అంది.

"ఉందత్తా, గాయమే" అని లేనిది చదివేశాను. అందరూ పొగాకు కోసే కత్తులతో బల్లలు తట్టి మెచ్చుకున్నారు. ఇక్కడ ఏం చదవాలో, ఎవరు చదవాలో పనివాళ్ల ఓట్లే తేలుస్తాయి; వెంటనే ఓట్లేసి డెల్మిరాదే నాలుగో నవల కావాలన్నారు.

అబద్ధం బయటపడితే ఓట్లేసి నన్నూ దింపేస్తారు. డెల్మిరా చావు మార్చలేనిదైతే, వాళ్లకు ఎలా చెప్పాలో ఒక్క పేజీ రాసి పంపండి. ఈసారి ఉన్నదున్నట్టు చదువుతాను.

ఇట్లు,
మీ మాట మార్చిన అమ్మాయి