మాటల్లేని బొమ్మకు అమ్మ నవ్వు

నకిరేకల్, 1946

తమ్ముడు భిక్షపతికి అక్క దీవెనలు.

ఇక్కడ అందరం క్షేమం. మన అమ్మ సంగతి ఒకటి నీకు చెప్పకుండా ఉండలేక రాస్తున్నాను.

సంతనాడు డేరాలో సినిమా వేశారు. మనం పుట్టకముందు తీసిన పాత బొమ్మ. వదులు లాగు, పగిలిన బూట్లు వేసుకున్న ఒక బక్క మనిషి తెరమీద తిరుగుతున్నాడు గానీ మాటలు లేవు. "గిదేం బొమ్మ, మూగది!" అంటూ జనం లేచిపోసాగారు.

అంతలో ఆ బక్క మనిషి, తనను వెతుకుతున్న పోలీసు జవాను వెనకే నక్కి, అతని అడుగులో అడుగేసి నడిచాడు. చెవులు వినబడని మన అమ్మ పగలబడి నవ్వింది. ఆమె అంత గట్టిగా నవ్వగా నేనెన్నడూ వినలేదు. వెళ్ళేవాళ్ళు వెనక్కి తిరిగి చూసి కూర్చున్నారు. ఆ తర్వాత డేరా అంతా నవ్వులే.

మర్నాడు జొన్నచేలో కలుపు తీస్తుంటే, సినిమా చూడని ఆడవాళ్ళు అమ్మ చుట్టూ చేరారు. అమ్మ కొంగు బిగించి, అచ్చం అతనిలాగే నడిచి చూపింది. ఇన్నేళ్ళుగా "చెవిటిదానా" అని తప్ప పిలవని నర్సింగమ్మ, నవ్వి నవ్వి కళ్ళు తుడుచుకుని, "సాలమ్మా, జర ఇంకోపారి నడువవే!" అని అమ్మను పేరుపెట్టి పిలిచి బతిమాలింది.

ఆ పిలుపు అమ్మకు వినబడలేదు. నేను విన్నాను. నువ్వు కూడా వినాలని రాశాను.

నీ అక్క