తెలియక ఇచ్చిన సలహా

ఇబ్రహీంపట్నం,
12-8-2007

చిరంజీవి రేణుకకు అమ్మ దీవెనలు. భివండిలో నువ్వు, అల్లుడు పరమేశ్వర్, నా మనవరాలు కులాసాగా ఉన్నారనుకుంటాను. ఇక్కడ అన్నా వదినా క్షేమం. నా సంగతి కింద రాస్తాను.

నీ ఉత్తరం అందింది. మీ అన్న శ్రీశైలం పని గురించి అడిగావు కదా, తుక్కుగూడ దగ్గర రింగురోడ్డు పనిలో లారీ నడుపుతున్నాడు. మన చేను పక్కనంతా ప్లాట్ల రాళ్ళు పాతారు. నీ కోసం మీ వదిన చింతపండు గింజ తీసి ఉంచింది.

రెండు నెలలుగా నీకో సంగతి దాచాను బిడ్డా. ఫోన్లో చెబుదామంటే అన్న పక్కనే ఉంటాడు, ఇవి నోట రావు. జూన్‌లో వాకిట్లో బకెట్ ఎత్తి పక్కకు తిరిగాను, అంతే. జారలేదు, దేనికీ తట్టుకోలేదు. తుంటి కలుక్కుమని కూలబడ్డాను. ఎముక విరిగింది. పట్నం దవాఖానలో ఆపరేషన్ చేసి రాడ్ వేశారు. నీకు చెప్పొద్దని అన్న దగ్గర ఒట్టు వేయించుకున్నది నేనే.

మొన్న మళ్ళీ చూపించుకోవడానికి పోయినప్పుడు, ఇంత చిన్నగా పడితే అంత పెద్ద ఎముక ఎలా విరిగిందని డాక్టరమ్మను అడిగాను.

"గర్భసంచి ఎప్పుడు తీయించుకున్నవమ్మా?" అన్నది.

"ముప్పై ఏండ్ల వయసుల."

"అండాశయాలు గూడ తీసిన్రా?"

"అన్నీ తీసినమన్నరు మేడం. ఇగ ఏ ఫికర్ లేదన్నరు."

ఆమె నా చేయి పట్టుకుంది. "గంత చిన్న వయసుల అవి తీసేస్తే ఎముకలు జల్ది గుల్లబారుతయమ్మా" అన్నది.

ఆ మాట వినగానే నువ్వే కళ్ళముందు మెదిలావు. నెలనెలా రక్తం ఎక్కువ పోతోందని, అక్కడి డాక్టరు గర్భసంచి తీసేద్దామంటున్నాడని నువ్వు రాస్తే, "తీయించుకో, పీడ పోతది, నేను బతుకుతలేనా" అని జవాబు రాసిన తల్లిని నేనే. తెలియక రాశాను. నన్ను మన్నించు. ఆపరేషన్ ఇంకా కాలేదని నీ ఉత్తరంలో రాశావు కదా, నీకింకా ముప్పై మూడే. ముందు వేరే డాక్టరమ్మకు చూపించు. మందులతో తగ్గుతుందా అని అడుగు. తీయక తప్పదంటే అండాశయాలన్నా ఉంచుతారా అని నోరు తెరిచి అడుగు. నేను ఆనాడు ఒక్క మాట కూడా అడగలేదు.

నిన్న వాకర్ పట్టుకొని గేటు దాకా నడిచాను. "అత్తమ్మా, జర నిమ్మళం" అంటూ మీ వదిన నా వెనకే వచ్చింది. నన్ను చూడాలని ఇప్పుడే ఉరికి రాకు. ముందు ఆ డాక్టరమ్మ దగ్గరికి పో. ఆమె ఏమన్నదో నువ్వు రాసేదాకా నాకు ముద్ద దిగదు.

ఇట్లు,
నీ మేలు కోరే అమ్మ
నీలమ్మ